పవిత్ర ఉనికి శాతం

భార్య, భర్త, పిల్లలు కలిస్తే కుటుంబం అనే అపోహ లోకంలో చాలాకాలంగా చెలామణిలో ఉంది. దాన్ని సరిదిద్దిన ఘనత తిరుపతిలోని సప్తాచల రెసిడెన్సీ నివాసుల సంక్షేమ సంఘానికే దక్కింది.

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాలు ఎందరో ఎప్పటికీ తేలదు. దర్శనానికి వచ్చినవాళ్లంతా స్నానాలకు దిగేసరికి సప్తాచలలో నీళ్ల ట్యాంకు పొద్దున్నే అడుగంటేది. అందుకని సంఘం కార్యదర్శి వరదయ్య (ఆయన ఆడిట్ శాఖ నుంచి రిటైరయ్యాడు, ఆడిట్ మాత్రం ఆయన నుంచి రిటైరవలేదు) గేటుకు ఒక యాప్ పెట్టించాడు. ఎవరు ఎంతసేపు లోపల ఉంటున్నారో గమనించి అది 'ఉనికి శాతం' కడుతుంది. శాతం బాగుంటే నివాసి, తగ్గితే అతిథి. అందరికన్నా ఎక్కువసేపు ఇంట్లో ఉండేవారు ఇంటిపెద్ద. అతిథి లోపలికి రావాలన్నా, పిల్లలు బయటికి పోవాలన్నా ఇంటిపెద్ద తన ఫోన్లో ఒప్పుకోవాలి.

మూడో అంతస్తు మునిప్రసాద్‌కు ఇందులో తప్పేమీ కనిపించలేదు. అతను జూనియర్ కాలేజీలో లెక్చరర్. భార్య పవిత్ర డెయిరీల్లో పాలు చల్లబరిచే యంత్రాలు బిగించే ఇంజినీరు. ఏ రాష్ట్రంలో పాలు విరిగినా ఆమె పెట్టె సర్దుకోవలసిందే. కూతురు లోహితకు జడలు వేయడం మునిప్రసాద్ వీడియోలు చూసి నేర్చుకున్నాడు (రెండు జడలూ ఒకే ఎత్తులో రావడం ఇంకా పరిశోధన దశలో ఉంది). దోసె ఎప్పుడు తిరగెయ్యాలో పవిత్ర గుజరాత్ నుంచి వీడియో కాల్లో చెప్పేది. సంసారం నడిచిపోతోంది.

ఇంట్లో ఇంకొకరున్నారు, మునిప్రసాద్ మేనమామ మునికృష్ణ. దర్శనానికని సత్యవేడు నుంచి ఎండాకాలంలో వచ్చిన ఆయన వానాకాలం వచ్చినా సోఫా దిగలేదు. మంచిరోజు కుదరలేదట.

ఆ ఆదివారం పవిత్ర వస్తోంది. మధ్యాహ్నం దిగి, సాయంత్రం రైలుకు మళ్లీ పోవాలి. ఆ ఒక్క పూట కోసం మునిప్రసాద్ రాగి సంగటి గెలికి, నాటుకోడి పులుసు పెట్టాడు. లోహితకు పన్ను కదులుతోంది. అమ్మే పీకాలని పట్టుబట్టి, నాయనను కూడా చెయ్యి పెట్టనివ్వలేదు.

పవిత్ర గేటు ముందు ఆటో దిగింది. వాచ్‌మన్ మునెయ్య తన ఫోన్‌ను ఆమెకు చూపించి, తల వంచుకున్నాడు. తెర మీద 'అతిథి' అని ఉంది.

మునిప్రసాద్ కిందికి పరుగెత్తుకొచ్చి తన ఫోన్ నొక్కితే, తమరు ఇంటిపెద్ద కారు అని యాప్ మర్యాదగా చెప్పింది. పగలంతా కాలేజీలో గడిపేవాడు ఎలా అవుతాడు? ఆ పొద్దున తేలిన కొత్త లెక్కలో ఇంటిపెద్ద మునికృష్ణ. ఆయనకు సరిగ్గా ఆ రోజే మంచిరోజు కుదిరింది. తిరుమలలో ఫోన్ అప్పగించేసి క్యూలో ఉన్నాడు.

వరదయ్యను పిలిపించారు. ఫ్లాట్ రిజిస్ట్రేషన్ తన పేరు మీదే ఉండాదని పవిత్ర చెప్పింది. ఆయన శాంతంగా విన్నాడు.

"ఇల్లు నీదేనమ్మా, ఎవురు కాదన్నారు? ఇంట్లో ఉండేది నువ్వా కాదా అనేదే ఈడ ప్రశ్న."

మునెయ్యకు మనసు కరిగి ఒక దారి చెప్పాడు. "డెలివరీ అని ఎక్కిస్తే తలుపు దాకా పోవచ్చు మేడమ్. ఇచ్చేసి వెంటనే వచ్చేయల్ల."

"ఏమిచ్చి రావల్ల? నన్నేనా?" అంది పవిత్ర. మునెయ్య యాప్‌లో వెతికాడు. ఆ వస్తువు జాబితాలో లేదు.

ఇక మునిప్రసాద్ పైకెళ్లి గిన్నెలతో దిగాడు. ఒక కాలు గేటు లోపల, ఒక కాలు బయట పెట్టి సంగటి వడ్డించాడు. పవిత్ర పెట్టె మీద కూర్చుని తింది. రెండో అంతస్తు నిర్మలమ్మ చాపా, చెంబుతో మజ్జిగా తెచ్చింది. పులుసు వాసనకు మిగతా ఇళ్లవాళ్లూ ఒక్కొక్కరే దిగారు. వరదయ్య కూడా ఒక ముద్ద రుచి చూసి, ఉప్పు సరిపోయిందని ధ్రువీకరించాడు. బయట ఆగిపోయిన అతిథి ఒక్కరైతే, లోపల విందు చేసుకుంటున్న నివాసులు అంతకు చాలా రెట్లు. మునిప్రసాద్‌కు ఎందుకో పెళ్లినాటి హడావిడి గుర్తొచ్చి నవ్వాగలేదు.

లోహిత కమ్మీల మధ్య మూతి ఇరికించి నోరు తెరిచింది. పవిత్ర సంచిలోంచి దారం తీసి పన్నుకు ముడి వేసింది.

"కళ్లు మూసుకో కన్నా. నేను ఈడే ఉండాను."

పన్ను ఊడొచ్చింది. సప్తాచల మొత్తం చప్పట్లు కొట్టింది. నెత్తురు మూతితో లోహిత అందరికన్నా గట్టిగా కొట్టింది.

పొద్దు వాలుతుండగా మునికృష్ణ గుండుతో, లడ్డూలతో దిగాడు. సంగతి విని నొచ్చుకున్నాడు. "నేను ఊ అంటేనే రావల్లంటనా? నాకెవురూ చెప్పలేదే" అంటూ ఫోన్ నొక్కాడు. గేటు తెరుచుకుంది. పవిత్ర లోపలికొచ్చి కూతుర్ని ఎత్తుకుంది. చెంపకు చెంప ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. అప్పుడే స్టేషన్‌కు పోయే ఆటో వచ్చి హారన్ కొట్టింది.

ఆటో మలుపు తిరగ్గానే మునికృష్ణ ఫోన్ మోగింది. అతిథి సందర్శనకు నక్షత్రాలు ఇవ్వమని యాప్ కోరింది. ఫోన్ లాక్కున్న లోహిత ఒక నక్షత్రం తగ్గించింది. కారణం అడిగితే, నాయన చేత అక్షరాలు చెప్పించుకుని టైపు చేసింది: తొందరగా పోయింది.

జవాబు వెంటనే వచ్చింది. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. సదరు అతిథి ప్రస్తుతం ఆవరణలో లేరు.'