పాలిష్ కాని పన్ను

శుక్రవారం పొద్దున ప్రశాంత్ అనుకున్న పని చాలా చిన్నది. జనగామలో రైలెక్కాలి, మహబూబాబాద్‌లో దిగాలి, ఆటోలో బయ్యారం పోవాలి, శ్రీలతను చూడాలి, ఆమె తండ్రికి నచ్చాలి. ఇందులో చివరిదొక్కటే కష్టమని అతడి లెక్క.

ప్రశాంత్ జనగామలో ఒక విత్తనాల దుకాణంలో పనిచేస్తాడు. వాళ్లమ్మ సారమ్మ చూపించిన ప్రతి సంబంధానికీ ఏదో వంక పెట్టి తప్పించుకునేవాడు. పోయిన ఎండాకాలం ఎవరిదో పెళ్లిలో శ్రీలత పాట పాడుతుంటే విన్నాడు. ఆ పెళ్లిలో భోజనం చేశాడో లేదో కూడా అతనికి గుర్తు లేదు. ఇంటికి రాగానే తనంతట తానే "ఆ పిల్లనైతే చేసుకుంటనే అమ్మా" అన్నాడు. సారమ్మ ఆ క్షణానే మొగుళ్లపల్లిలో ఉన్న తమ్ముడు ప్రభుదాస్‌కు ఫోన్ కొట్టింది. ప్రభుదాస్ సంబంధం కలిపాడు, ఒక హెచ్చరిక కూడా చేశాడు.

"పిల్ల తండ్రి సాంసన్ చర్చిల పెద్దమనిషి. ఆస్తి అడగడు, జీతం అడగడు. పిలగాడు నోరు తెరిచి మంచిగ ప్రార్థన చేస్తే చాలు. ప్రార్థన రాని అల్లుడు నాకొద్దని ఇప్పటికే ఇద్దరిని ఎనుకకు పంపిండు."

ప్రశాంత్‌కు ప్రార్థన బాగానే వచ్చు. నోరు తెరవడమే ఆ రోజు కుదరలేదు.

వరంగల్‌లో ప్రభుదాస్ కూడా ఎక్కాడు. రైలు కదలగానే సారమ్మ సంచిలోంచి బియ్యప్పిండి సకినాలు తీసింది. ఆమె చేతి సకినాలు గట్టివని చుట్టాలందరికీ తెలుసు. ఇంట్లో వాటిని చాయ్‌లో నానబెట్టుకుని తింటారు. ఆ రోజు ప్రశాంత్ ధ్యాస ముందే బయ్యారం చేరిపోయింది. ఆలోచించకుండా కొరికాడు. కటుక్కుమంది. సకినం బాగానే ఉంది, ముందు పన్ను మొన విరిగింది.

"అయ్యో కొడుకా! నవ్వకుంటే ఎవలకు కనవడదు తియ్యి," అంది సారమ్మ.

"పెండ్లిచూపులకు పోయి నవ్వకపోతే ఎట్లనే అక్కా?" అన్నాడు ప్రభుదాస్.

అలా ముగ్గురూ మహబూబాబాద్ స్టేషన్ దగ్గరున్న డాక్టర్ పద్మలత పండ్ల దవాఖానకు చేరారు. అక్కడ పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఎక్కడో లైన్ పని జరుగుతోందట, సాయంత్రం దాకా రాదట. డాక్టర్ పన్ను చూసి, "నింపుడుకు కరెంటు అవసరం లేదు, ఈ లైటు బ్యాటరీది. పాలిష్ మిషన్‌కే కరెంటు కావాలె. అది రేపు చేసుకుందాం," అంది. పన్ను రంగులో ఉన్న మందును కొద్దికొద్దిగా పెట్టి, నీలి లైటు చూపించి గట్టిపరిచింది. అద్దం ఇస్తే ఏ పన్ను విరిగిందో ప్రశాంత్‌కే తెలియలేదు.

"పైకి బాగానే కనిపిస్తది గని అంచులు గరుకుగ ఉన్నయి. రేపు పొద్దున రా. అంచులు తీసి, రబ్బరుతోని రుద్ది నున్నగ చేస్త. అప్పటిదాక నాలుక అటు పోనియ్యకు తమ్ముడు."

నాలుక అప్పటికే అక్కడ కాపురం పెట్టింది. "సరే" అన్నాడు ప్రశాంత్. ముందు ఈల వచ్చింది, దాని వెనక "రే" వచ్చింది.

డాక్టర్ తల ఊపింది. "అంచుకు గాలి తాకుతున్నది. స, శ, ష పలికితే గంతే. పాలిష్ అయితే పోతది."

ఆటోలో కూర్చుని ప్రశాంత్ మెల్లగా పరీక్షించుకున్నాడు. అమ్మ పేరులో ఒక ఈల. మేనమామ పేరు చివర ఒక ఈల. కాబోయే మామ సాంసన్ పేరులో రెండు. తన పేరులో కూడా ఒకటి ఉందని అప్పుడే తెలిసింది. ఇక ధైర్యం చేసి "శ్రీలత" అన్నాడు. ఆటో ఆగిపోయింది.

"ఎవలన్న ఎక్కేదున్నదా అన్నా?" అని వెనక్కి తిరిగి అడిగాడు డ్రైవర్.

ఉన్న సంగతి చెప్పేద్దామంటే ప్రభుదాస్ ఒప్పుకోలేదు. "పన్ను కట్టిచ్చుకున్నడంటే వయసు దాచిండంటరు. నువ్వు మాటలు తగ్గియ్యి, మిగతాది నేను చూసుకుంట," అన్నాడు. ప్రభుదాస్ చూసుకుంటానన్న పనులు ఎలా తయారవుతాయో తెలిసి కూడా, ప్రశాంత్ ఆ పూటకు ఆ మూడు అక్షరాలను వదిలేశాడు.

సాంసన్ భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. "వందనాలు" అన్నాడు ప్రశాంత్. ఆ మాటలో ఏ ప్రమాదమూ లేదు.

"పేరేంది బాబూ?"

ప్రశాంత్ మేనమామ వైపు చూశాడు. "ప్రశాంత్. జర తక్కువ మాట్లాడుతడు," అన్నాడు ప్రభుదాస్.

"ఏం పని?"

"విత్తనాలు అమ్ముత."

అప్పుడే శ్రీలత తల్లి పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. పళ్లెం నిండా సకినాలు. ప్రశాంత్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ఇంటివాళ్ల మొహాలు మారడం చూసి ప్రభుదాస్ రంగంలోకి దిగాడు.

"ఏమనుకోకుండ్రి. పిలగాడు ఇయ్యాల ఉపవాసంల ఉన్నడు. అందుకే మాటలు గూడ తక్కువ."

పొద్దున కొడుకుకు రెండుసార్లు ఉప్మా వడ్డించిన సారమ్మ చాయ్ గుక్క మింగలేక దగ్గింది. సాంసన్ మాత్రం పొంగిపోయాడు. "ఈ కాలంల ఉపవాసముండే పిలగాడా! ఇగ ప్రార్థన నువ్వే చెయ్యాలె బాబూ. అందరు కండ్లు మూసుకోండ్రి."

తప్పేది కాదు. ప్రశాంత్ లేచి నిలబడి, రాళ్ల దారిలో సైకిల్ తొక్కుతున్నట్టు ఒక్కో మాటా చూసుకుంటూ నడిపాడు. "పరలోకమందున్న మా తండ్రీ, నీకు వందనాలు. ఈ దినం కొరకు వందనాలు. ఈ ఇంటిని, ఈ ఇంటి పెద్దలను దీవించు. మా రాకపోకలను కాపాడు. నీ ప్రియ కుమారుని పేరిట అడిగి వేడుకొంటున్నాం తండ్రీ, ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు, సాంసన్ అనలేదు. ఒక కన్ను తెరిచాడు.

"ఆ కుమారునికి పేరున్నది గద బాబూ?"

"ఉన్నది."

"ఏంది?"

"అందరికంటె గొప్ప పేరు."

"గొప్పదని నాకెరుకే. పలుకు మరి."

యేసు పేరు మధ్యలో ఈల రావడం ప్రశాంత్ ఊహించుకున్నాడు. చిన్నప్పటి నుంచి జ్వరమొచ్చినా, పరీక్షలొచ్చినా పిలుచుకున్న పేరు అది. సంబంధం పోతే పోయింది, ఆ పేరుకు ఈల కలపలేననుకుని తల వంచుకున్నాడు. సాంసన్ ప్రభుదాస్‌ను పక్కకు లాగాడు.

"మీదేం చర్చి మిషనయ్యా? ఆ పేరే పలుకని సంఘం ఎక్కడ పుట్టింది?"

ఇటు సారమ్మకు ఇంకో పరేషాన్ మొదలైంది. శ్రీలత వచ్చి చాప మీద కూర్చుంది గానీ నోరు తెరవడం లేదు.

"నీ పేరేంది బిడ్డా?"

శ్రీలత తల్లి వైపు చూసింది. "శ్రీలత. జర సిగ్గు," అంది తల్లి.

"పని ఏడ బిడ్డా?"

"మానుకోటల," అంది, మహబూబాబాద్‌కు పాత పేరు వాడి.

"ఏం పని?"

శ్రీలత ఒక క్షణం ఆలోచించి, చేత్తో సూది పొడిచినట్టు చూపించింది. నర్సు అని అందరికీ అర్థమైంది. సారమ్మకు ఇంకేదో అర్థమైంది. "పిల్లకు మనసు లేదురా, బలవంతంగ కూసోబెట్టిన్రు. లే, పోదాం," అని తమ్ముడి చెవిలో ఊదింది. సంబంధం చేజారేటట్టుందని శ్రీలత తల్లి తొందరపడి, "పిల్లలను ఒక రెండు మాటలు మాట్లాడుకోనియ్యుండ్రి," అని ఇద్దరినీ డాబా మీదికి పంపింది.

డాబా మీద మిరపకాయలు ఎండుతున్నాయి. వాటికి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు నిలబడ్డారు.

"ఎండ ఎక్కువున్నది," అన్నాడు ప్రశాంత్.

"ఔ. ఎక్కువే."

ముక్తసరి జవాబులు విని ప్రశాంత్, ఆమెకు తను నచ్చలేదని తేల్చుకున్నాడు. అంతలో ఆమే మిరపకాయల వైపు చూస్తూ, "మీకు నేను వద్దా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు మూడు అక్షరాలు వదిలేసి జవాబు చెప్పడం ప్రశాంత్ వల్ల కాలేదు.

"శ్రీలతా!" అన్నాడు.

పిట్టగోడ మీది కాకులు లేచిపోయాయి. అంత ఈల రైల్వే గార్డు కూడా వెయ్యడు. ప్రశాంత్ కళ్లు మూసుకున్నాడు, ఇక చెంపదెబ్బే మిగిలిందనుకున్నాడు. దెబ్బ పడలేదు. ఎదుటి నుంచి సన్నగా ఇంకో ఈల వచ్చింది, ఆ ఈల మధ్యలో "ప్రశాంత్" అని వినిపించింది. కళ్లు తెరిస్తే శ్రీలత రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

"మీకు గూడనా?" అన్నాడు ప్రశాంత్.

"పద్మలత మేడం. పొద్దుగాల్నే పోయిన. ముందు పండ్ల నడుమ సందు ఉండె, నింపింది. కరెంటు లేదు, పాలిష్ రేపు అన్నది." పాలిష్ చివర ఈల ఇల్లు దాటి వీధిలోకి పోయింది.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. పొద్దుటి నుంచి బిగబట్టినవన్నీ ఒకరి తర్వాత ఒకరు పలకడం మొదలుపెట్టారు. సకినం అన్నాడు అతను. సూది అంది ఆమె. సోమవారం, శనివారం, సైకిల్ అన్నారు. సంసారం అన్నాడు ప్రశాంత్. రెండు ఈలలు వచ్చాయి, శ్రీలత మిరపకాయల వైపు తల వంచుకుని శుక్రవారం అని మాట మార్చింది.

కింద సాంసన్‌కు ఈలలే వినిపించాయి. "నా ఇంట్ల, నా బిడ్డకు ఈలలేస్తడా! ఉపవాసమా వీనిది!" అంటూ మెట్లెక్కాడు. వెనకే ప్రభుదాస్, ఆ వెనక సారమ్మ. ఆఖరి మెట్టు మీద సాంసన్ ఆగిపోయాడు. ఈలల్లో సగం తన బిడ్డవి.

"శ్రీలతా! నువ్వు గూడనా?"

"సారీ నాయినా," అంది శ్రీలత, ఇంకో ఈలతో.

ఆ తర్వాత అంతా బయటపడింది. సకినం, పన్ను, కరెంటు, ఉప్మా, ఉపవాసం అన్నీ. ప్రభుదాస్ మిరపకాయలు ఎండాయో లేదో చూడసాగాడు. సాంసన్ మాత్రం నవ్వలేదు. ప్రశాంత్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పన్ను సంగతి సమజైంది. ఆ పేరు కాడ ఎందుకు ఆగినవ్?"

"ఆ పేరును ఈలతోని పలుకబుద్ధి గాలే మామా."

సాంసన్ మొహం అటు తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు. అయినా గొంతు తగ్గించలేదు. "అయితే ఆ ప్రార్థన ఇంక పూర్తి గాలే. రేపు పాలిష్ అయినంక పూర్తి చెయ్యి. నా మాట అప్పుడే చెప్త."

శనివారం పొద్దున దవాఖానలో కరెంటు ఉంది. ముందు శ్రీలత, తర్వాత ప్రశాంత్ ఆ కుర్చీలో పడుకున్నారు. డాక్టర్ పద్మలత చిన్న చక్రంతో అంచులు తీసింది, రబ్బరుతో రుద్దింది, పేస్టు పెట్టి మెరుగు పట్టింది. మిషన్ గుర్రుమంటుంటే పక్కనే సాంసన్ చేతులు కట్టుకుని నిలబడి, సొంత ట్రాక్టర్‌ను బాగుచేయిస్తున్నట్టు చూస్తున్నాడు. ప్రశాంత్ నాలుక తిప్పి చూసుకున్నాడు. ఎక్కడ సొంత పన్ను ఆగిందో, ఎక్కడ మందు మొదలైందో నాలుకకు దొరకలేదు.

"ఇగ కానియ్," అన్నాడు సాంసన్.

ప్రశాంత్ కుర్చీ పక్కనే నిలబడి కళ్లు మూసుకున్నాడు. "యేసయ్యా, నీకు స్తోత్రం," అన్నాడు. ఈల రాలేదు. ఆ మాట అంత సాఫీగా నోటి నుంచి జారేసరికి గుండె నిండిపోయి, ఇక ఆపుకోలేకపోయాడు. సకినం కోసం స్తోత్రం చెప్పాడు, దాన్ని అంత గట్టిగా చేసిన తల్లి కోసం చెప్పాడు. ప్రభుదాస్ మామను క్షమించమని, అతన్ని ఇచ్చినందుకు స్తోత్రమని ఒకే ఊపిరిలో అన్నాడు. కరెంటు ఆపిన లైన్‌మన్ కోసం, ఆగిన ఆటో కోసం, శ్రీలత పండ్ల నడుమ ఉండిన సందు కోసం, తన మీద కోపంతో మెట్లెక్కి బిడ్డ కోసం ఆగిన ఆ తండ్రి కోసం స్తోత్రాలు చెల్లించాడు. సాంసన్ కళ్లు తెరవకుండానే అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఏం చెప్పిందో శ్రీలతకు, సారమ్మకు కూడా తెలిసిపోయింది. ప్రశాంత్ ఇంకో ఊపిరి తీసుకుని, పెళ్లినాటికి కావలసిన దీవెనలు మొదలుపెట్టాడు.

ఆమెన్ మాత్రం ముందుగా అన్నది, బయట బెంచీల నిండా పేషెంట్లున్న డాక్టర్ పద్మలత.