అలాగేగారి గృహరుణం

ఆ సోమవారం పొద్దున అలాగేగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. బ్యాంకుకు వెళ్లడం, ఇంటి లోను కాగితాల మీద సంతకాలు పెట్టడం, పదింటికల్లా తాను ఉద్యోగం చేసే కళ్లద్దాల దుకాణం తలుపులు తీయడం.

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎవరేమడిగినా "అలాగే" అనడం అలవాటు కాబట్టి వీధంతా అలాగేగారనే పిలిచేది. ఆయన భార్య డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఊళ్లో సగంమందికి బ్రేకు తొక్కడం నేర్పిన ఆవిడ మొగుడి నోటికి మాత్రం బ్రేకు వేయలేకపోయింది. వాళ్లు అద్దెకుంటున్న ఇంటి ముందున్న ఖాళీ స్థలమే ఆ స్కూలు. రెండు కార్లూ, నేర్చుకునేవాళ్లు గుద్దుకోవడానికి పాత టైర్ల వరసా అక్కడే ఉంటాయి. ఇప్పుడా ఇల్లు అమ్మకానికి వచ్చింది.

"శుక్రవారం సాయంత్రంలోగా బ్యాంకు మంజూరు కాగితం చూపించారా, ఇల్లు మీది. లేదంటే ఇంకొకాయన రొక్కంతో సిద్ధంగా ఉన్నాడు" అని ఇంటాయన తేల్చి చెప్పేశాడు. ఇల్లు పోతే స్కూలూ పోయినట్టే. అంత ఖాళీ స్థలం ఆ చుట్టుపక్కల మరెక్కడా లేదు.

బ్యాంకులో లోన్ల మేడమ్ కంప్యూటర్ వైపు చూసి, ఆయన వైపు చూసి, మళ్లీ కంప్యూటర్ వైపు చూసింది.

"జీతం బాగుంది. పైసా బాకీ లేదు. కానీ ఇన్ని క్రెడిట్ కార్డులేమిటండీ మీకు?"

"ఒక్కటి కూడా వాడలేదు మేడమ్" అన్నాడాయన గర్వంగా.

అది నిజమే. నెలాఖరు వచ్చిందంటే చాలు, కార్డులమ్మే కుర్రాళ్లు దుకాణానికొచ్చి, కళ్లు పరీక్షించే కుర్చీలో కూలబడి, ఎదురుగా ఉన్న అక్షరాలు వదిలేసి తమ టార్గెట్ల గోడు చదివేవారు. ఈయన మనసు కరిగి సంతకం పెట్టేవాడు. వచ్చిన కార్డును కవరు కూడా విప్పకుండా ఒక ఖాళీ కళ్లజోడు పెట్టెలో పెట్టి మరిచిపోయేవాడు.

"ఇప్పుడు వాడకపోయినా రేపు వాడొచ్చుగా?" అంది మేడమ్. "మీ కార్డుల లిమిట్లన్నీ కలిపి, అదంతా మీకు అప్పున్నట్టే లెక్కేస్తాం. దానికి నెలనెలా కట్టాల్సింది జీతంలోంచి తీసేస్తాం. మా బ్యాంకు పద్ధతి అంతే. మిగిలినదానికి ఇల్లు రాదండీ. కార్డులు రద్దు చేయించుకుని రండి, చూద్దాం."

"అలాగే" అన్నాడు అలాగేగారు.

సంగతి విని భార్య నడుమున చేతులు పెట్టుకుంది. "చేయని అప్పుకు వాయిదాలా! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! సరే, ఫోన్లు చేసి అన్నీ తీయించేయండి. ఒక్క పూట పని" అని పాఠం చెప్పడానికి వెళ్లిపోయింది.

ఒక్క పూటలోనే కొంప మునిగింది. మొదటి కంపెనీ అమ్మాయి, "ఒక్కసారి కూడా ఆలస్యం చేయని మీలాంటి కస్టమర్ని వదులుకుంటామా సార్? మీ లిమిట్ రెట్టింపు చేస్తున్నాం, సరేనా?" అంది. ఎదుటి మనిషి అంత ఆప్యాయంగా అడిగితే కాదనడం ఎలాగో ఆయనకు తెలియదు. రెండో కంపెనీ అమ్మాయికి ఏడుపు ఒక్కటే తక్కువ. "ఇంకొక్క కార్డు రద్దయితే నా ఉద్యోగం పోతుంది సార్" అంది. ఆమెను ఓదార్చే తొందరలో అలాగేగారు భార్య పేరు మీద కూడా ఒక కార్డుకు ఒప్పుకున్నాడు. మూడో కంపెనీవాళ్లు బంగారు కార్డు తీసేసి, అంతకన్నా పెద్దది ఇస్తామన్నారు. తీసేస్తామన్న మాట వినబడగానే ఆయన పని అయిపోయిందనుకున్నాడు.

బుధవారం లోన్ల మేడమ్ కంప్యూటర్ చూసి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"పవరు మారిందేమో, చూడమంటారా మేడమ్?" అన్నాడు అలాగేగారు అలవాటు కొద్దీ.

"నా కళ్లు బాగానే ఉన్నాయండీ. లిమిట్లు తగ్గించుకు రమ్మంటే పెంచుకొచ్చారేమిటి? మొన్నటి లెక్కలో మీకు ఇల్లు రాలేదు. ఇవాళ్టి లెక్కలో గుమ్మం కూడా రాదు."

ఆ సాయంత్రం భార్య అరవలేదు. అరిస్తే ఆయనకు కొంత తేలిగ్గా ఉండేది. మెట్టు మీద కూర్చుని టైర్ల వైపు చూస్తూ, "ఇక్కడేనండీ, నేను సొంతంగా నిలబడింది" అంది. అలాగేగారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కాసేపటికి ఆవిడే లేచి, "రేపు పొద్దున్నే ఫోను తీసుకుని కార్లో కూర్చోండి. మీకు నేర్పాలి" అంది.

గురువారం పొద్దున ఆయన స్టీరింగ్ ముందు, ఆవిడ పక్క సీట్లో. ఫోను స్పీకర్లో పెట్టారు.

"ఎదురుగా ఏదైనా వస్తే ఏం చేస్తాం?"

"బ్రేకు వేస్తాం."

"తియ్యగా మాట్లాడుతూ వచ్చినా అంతే."

అవతల "లిమిట్ పెంచమంటారా సార్?" అనగానే ఆయన నోరు తెరిచి "అ..." అనేవాడు. ఆవిడ చెయ్యి చాచి హారన్ నొక్కేది. మిగతా అక్షరాలు ఆ మోతలో కలిసిపోయేవి. వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి కానీ, మధ్యాహ్నానికి కార్డులు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆవిడ పేరు మీది కార్డు పుట్టకముందే పోయింది.

ఇక మిగిలింది ఒక్కటి. అన్నిటికన్నా పెద్ద లిమిట్ దానిదే. సరిగ్గా అప్పుడే శిష్యుడొకడు రెండో కారును తీసుకెళ్లి టైర్లలో దూర్చాడు. ఆవిడ పరుగెత్తింది. అలాగేగారు ఒంటరిగా మిగిలాడు, ఫోన్లో ఆ కార్డు కంపెనీ సూపర్‌వైజరు.

"మీరు మా ఇంటిమనిషి లాంటివారు సార్. లిమిట్ మూడింతలు చేసేస్తాను, సంతోషమేనా?"

"అలాగే" నాలుక కొన దాకా వచ్చింది. అద్దంలోంచి చూస్తే, ఎర్రటి ఎండలో భార్య కొంగు బిగించి కారును వెనక్కి నెడుతోంది.

"వద్దండి."

అన్నదెవరా అని ఆయనే పక్కకు తిరిగి చూసుకున్నాడు.

"ఎందుకు సార్?"

"ఇల్లు కొనుక్కోవాలండి. వాడకపోయినా మీ లిమిటంతా నా అప్పు కిందే లెక్కేస్తున్నారు."

అవతల గొంతు తగ్గింది. "వాడకపోయినానా? సార్... నా ఇంటి లోను కూడా మొన్న తిప్పి పంపారు. ఎందుకో అర్థం కాలేదు. టార్గెట్ చేరనప్పుడల్లా నా పేరు మీదే ఒక కార్డు రాసుకున్నాను."

"ముందు అవన్నీ తీయించెయ్యి నాయనా."

"మావాళ్లు బతిమాలతారు సార్. నాకసలే మొహమాటం."

అలాగేగారు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "కారణం చెప్పకు. చెబితే దానికి విరుగుడు చెబుతారు. వద్దండి అను, ఊరుకో. ఏదీ, ఒకసారి అను."

"వ... వద్దండి."

"అది అడుక్కున్నట్టుంది. గట్టిగా!"

"వద్దండి!"

"భేష్. ఇప్పుడు నా కార్డు తీసెయ్."

కారు తలుపు దగ్గర నిలబడి భార్య అంతా వింది. ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

శుక్రవారం మేడమ్ మంజూరు కాగితం చేతికిచ్చింది. "శుభాకాంక్షలండీ! లోనుతో పాటు మా బ్యాంకు కార్డు కూడా ఉచితంగా..."

"వద్దండి" అన్నాడాయన, ఆమె మాట పూర్తి కాకముందే.

సాయంత్రం ఇంటాయన కాగితాన్ని వెలుగులో పెట్టి రెండుసార్లు చదివి, రొక్కంతో వచ్చినాయన్ను పంపించేశాడు. "ఇల్లు మనదండీ!" అని భార్య వీధంతా వినబడేలా అరిచింది. అలాగేగారు తన జన్మలో మొదటిసారి మీసం మీద చెయ్యి వేశాడు.

ఆ సూపర్‌వైజరు ఈ పాఠం తోటివాళ్లకూ నేర్పాడేమో, ఆ నెల వాళ్ల కంపెనీలో రద్దయిన కార్డుల్లో సగానికి పైగా సొంత ఉద్యోగులవేనట.