మేనేజరుగారి ద్వారా

ఆ ఉదయం గుణశేఖర్ అనుకున్నది చాలా చిన్న పని. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లి ఒక ఈమెయిల్ పంపేసి, ఆ తరువాత మామూలుగా ఉద్యోగం చేసుకోవడం. అంతే. చిన్న పని పెద్దవాళ్ల కంట పడితే ఏమవుతుందో అతనికి అప్పటికింకా తెలియదు.

ఇది 2003 నాటి సంగతి. గుణశేఖర్ రోజూ సబ్బవరంలో బస్సెక్కి వచ్చి విశాఖ పోర్టు దగ్గర ఓడ సరుకులు విడిపించే ఒక క్లియరింగ్ ఏజెన్సీలో కంప్యూటర్లు చూసేవాడు. అక్కడ కాగితాలు ప్రింటు తీయడానికి ఒక ఉచిత ప్రోగ్రాము వాడేవారు. అది దేశదేశాలవాళ్లు కలిసి రాసి, ఎవరైనా బాగుచేయవచ్చని బయట పెట్టినది. దానికొక జబ్బు ఉంది. పాత ప్రింటర్ల మీద పేజీలో చివరి వరుసను మింగేసేది. సంతకం చేయాల్సినవారి హోదా ఉండేది ఆ వరుసలోనే కనుక, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. దానితో అందరూ పెట్టేవారు. గుణశేఖర్ నెలల తరబడి తల బద్దలుకొట్టుకుని ఆ జబ్బు కనిపెట్టాడు. మందు పది వరుసలు.

ఆ పది వరుసల మీదే అతని ఆశలన్నీ ఉన్నాయి. హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంటర్వ్యూలో, "సర్టిఫికెట్లు మాకొద్దు. ఆ ప్రోగ్రాములో నీ పేరుతో ఒక్క మార్పు చేరితే ఉద్యోగం నీదే" అని చెప్పింది.

మార్పులు పంపడానికి ఆ ప్రాజెక్టువాళ్లకు కొన్ని మర్యాదలున్నాయి. సభ్యులందరికీ చేరే ఒకే అడ్రసుకు మెయిల్ రాయాలి. విషయం రెండు ముక్కల్లో చెప్పాలి. మార్పును మెయిల్లోనే రాయాలి తప్ప వేరే ఫైలుగా అంటించకూడదు. పంపాక నోరు మూసుకుని ఒక వారం ఆగాలి. గుణశేఖర్ దీక్ష పట్టినవాడిలా అవన్నీ పాటించి మెయిల్ రాశాడు. పంపబోతుండగా మేనేజరు భీమశంకరరావు వచ్చి వెనక నిలబడ్డాడు.

భీమశంకరరావుది తణుకు. మనిషి చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని పక్కకు తప్పుకోవచ్చు.

"ఫారిన్‌కి ఉత్తరమా? నాకు చెప్పకుండానే?"

"ఉత్తరం కాదు సార్. సిన్న మార్పు పంపతన్నాను."

"ఆఫీసులోంచి ఏది పోయినా నా ద్వారా పోవాలయ్యా. అయినా ఇదేం రాత? 'గౌరవనీయులైన' లేదు, 'విన్నవించుకొనుట' లేదు. పెద్దవాళ్లకి ఇలాగేనా రాసేది?"

"ఆళ్లకి అయ్యేటీ వద్దు సార్. రూల్సులో రాసుంది, సూడండి."

"మొహమాటానికి అంటార్లే. భోజనానికొచ్చినవాడు చాలు చాలంటే వడ్డించడం మానేస్తామా?"

వడ్డన మొదలైంది. పది వరుసలూ వర్డ్ ఫైల్లోకి ఎక్కాయి. పైన కంపెనీ లెటర్‌హెడ్, ఓడ బొమ్మ. నడుమ మూడు పేరాల వినయం. అడుగున 'భీమశంకరరావు, మేనేజరు'. ఎడమ మూల, ఆఫీసు ఆచారం ప్రకారం టైపు కొట్టినవాడి పొడి అక్షరాలుండే చోట, చీమ తలకాయంత 'జి.ఎస్.' అదీ గుణశేఖర్ వాటా. మెయిల్ చివర ఆ ఆఫీసు మెయిళ్లన్నిటికీ ఉండే హెచ్చరిక ఉండనే ఉంది: ఇది మీకు ఉద్దేశించినది కాకపోతే వెంటనే చెరిపేయవలెను. ఫైలు అంటించి, భీమశంకరరావు తన అడ్రసు నుంచే పంపాడు.

మర్నాడు ప్రాజెక్టు పెద్ద హెన్రిక్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "అంటించిన ఫైళ్లు తెరవం. చెరిపేయమన్నారు, చెరిపేశాను."

"ఈ హెన్రిక్ వయసెంత?" అన్నాడు భీమశంకరరావు.

"నాకేటి తెలుసు సార్."

"డియర్ సర్ అనలేదంటే కుర్రాడే. రిమైండర్ పంపాలి."

"ఒద్దు సార్, మీకు దండం పెడతాను. వారం ఆగాల."

"ఆగితే ఫైలు అడుక్కి పోతుంది. పోర్టులో ఇన్నేళ్లూ వెంటపడే పనులు చేయించానయ్యా."

రోజుకొక రిమైండర్ వెళ్లింది. అన్నిటికీ అదే ఫైలు అంటించి ఉంది. తమరు క్షేమమని తలచుచున్నాము, పై విషయమై తగు చర్య తీసుకోగోరెదము. నాలుగోదాంట్లో మేనేజరు హెన్రిక్ పిల్లల చదువుల గురించి కూడా అడిగాడు. ఎవరూ పలకలేదు. శుక్రవారం భీమశంకరరావు సెలవు పెట్టి, 'కుటుంబసమేతంగా అన్నవరం వెళ్లుచున్నాను, సోమవారం వచ్చెదను' అని తనంతట తానే వెళ్లే జవాబు ఒకటి మెయిల్లో అమర్చి బయలుదేరాడు.

ఆ అడ్రసుకు ఒకసారి రాసినవాడు సభ్యుడైపోయినట్టే కనుక, ప్రాజెక్టులో ఎవరు ఏ మెయిల్ రాసినా దానికి అన్నవరం జవాబు వెళ్లింది. ఆ జవాబు సభ్యులందరితోపాటు భీమశంకరరావుకూ తిరిగొచ్చింది. దానికీ అన్నవరం జవాబు వెళ్లింది. అది మళ్లీ తిరిగొచ్చింది. శనివారానికి ప్రపంచంలో కంప్యూటరున్న ప్రతి పెద్దమనిషికీ భీమశంకరరావు ఏ కొండెక్కాడో తెలిసిపోయింది. హెన్రిక్ ఆ ఆఫీసు నుంచి ఏదీ రాకుండా తలుపు మూసేశాడు.

గుణశేఖర్ ద్వారకానగర్లో నెట్ సెంటర్ నడిపే స్నేహితుడు అర్జునరావు దగ్గరకు పరుగెత్తాడు. ఆ మెయిళ్లు అతనికీ వస్తాయి.

"బావా, బ్రెజిలోడు ఒకడు వ్రతం బాగా జరిగిందా అని అడుగుతన్నాడు."

"నవ్వకు బావా. నా కొంప మునిగిపోతంది."

అక్కడ కూర్చుని, సొంత అడ్రసు నుంచి, అన్ని మర్యాదలతో, ముందు రాసిన మెయిలే పంపాడు. సాయంత్రానికి హెన్రిక్ జవాబు వచ్చింది. "చాలా చక్కగా పంపారు. కాని ఇదే మార్పు భీమశంకరరావు పేరుతో నిన్న చేరింది. రిమైండర్లు ఆగితే చాలని మాలో ఒకరు ఆ ఫైలు తెరిచి చేర్చేశారు. ఇతరుల పనిని తమ పేరుతో పంపడం ఇక్కడ మర్యాద కాదు."

గుణశేఖర్‌కు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

"కిందని జి.ఎస్. అనుంది కదా బావా."

"అది నువ్వని ఆళ్లకేటి తెలస్తాది?" అన్నాడు అర్జునరావు.

సోమవారం ప్రసాదంతో వచ్చిన మేనేజరుకు గుణశేఖర్ అంతా చెప్పాడు. "ఒక్క ముక్క రాయండి సార్. సేసినోడు గుణశేఖర్ అని. నా హైదరాబాదు ఉద్యోగం దాని మీదే ఉంది."

భీమశంకరరావు ప్రసాదం పొట్లం మెల్లగా బల్లమీద పెట్టాడు. "అయితే వెళ్లిపోదామనుకున్నావన్నమాట." కాసేపు కిటికీలోంచి క్రేన్లను చూశాడు. "ఇప్పుడు రాస్తే నేను అబద్ధమాడినట్టు కాదూ? ఆఫీసు పరువేం కాను? నీ పేరూ నా పేరూ వేరా చెప్పు?"

వేరేనని గుణశేఖర్ హైదరాబాదుకు ఫోన్ చేసి చెప్పాడు. అవతలివాళ్లు ఓపిగ్గా విన్నారు. "అందరూ అలాగే అంటారండీ" అన్నారు. ఆపైన, ప్రాజెక్టువాళ్లు ఎవరైనా చూడవచ్చని బయట పెట్టే ఆ మెయిళ్లన్నీ చదివారు. జవాబివ్వనివాళ్ల వెంటపడి మరీ పని చేయించిన మనిషిని చూసి ముచ్చటపడ్డారు. ప్రోగ్రాములు రాసేవాళ్లు వీధికొకరు దొరుకుతారు కాని, రాయించేవాళ్లు దొరకరట. భీమశంకరరావును పెద్ద హోదాలో రమ్మన్నారు.

"అంతా నీ చలవే అయ్యా" అని భీమశంకరరావు గుణశేఖర్ చేతులు పట్టుకున్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, పైగా కళ్లు చెమ్మగిల్లాయి. తిట్టడానికి కూడా వీలు లేకుండా చేశాడు.

వీడ్కోలు సభకు పూలదండ తెచ్చింది గుణశేఖరే, మెడలో వేసిందీ గుణశేఖరే. ఫొటోలో మాత్రం మోచేతి దాకానే పడ్డాడు.