మోసగాడి మర్యాద

మోసగాళ్ళను తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట! మా వరంగల్‌లో బీదవాళ్ళకు కుర్చీ వేసి కూర్చోబెట్టే జాతి ఏదైనా ఉందా అంటే, అది మోసగాళ్ళ జాతి ఒక్కటే. అలాంటివాళ్ళ మీద ఇంత కక్షా?

ఎక్కడైనా ఒక మోసం బయటపడగానే, ప్రజలు జాగ్రత్తగా ఉండాలని పత్రికలవాళ్ళు రాస్తారు. ఎందుకుండాలి? జాగ్రత్తగా ఉండి బాగుపడ్డవాడిని ఒక్కణ్ణి చూపించండి. నేను ముప్పయ్యేళ్ళుగా జాగ్రత్తగా ఉన్నాను. హైస్కూల్లో లెక్కల సారుగా చేరాను, వచ్చే ఏడు లెక్కల సారుగానే రిటైరవుతాను.

పరకాల రాజమల్లు సంగతి చూడండి. పత్రికలో ప్రకటన చూసి, తొమ్మిది గళ్ళలో అంకెలు నింపి పంపాడు. ఎటు కూడినా పదిహేను రావాలట. వచ్చింది. ‘మీరే విజేతలు, ట్రాన్సిస్టర్ సగం ధరకే!’ అని ఉత్తరమొచ్చింది. డబ్బు కట్టి వీపీపీ పార్సిల్ విడిపిస్తే లోపల ఇటుక ఉంది. ఊరంతా అయ్యో అంది. అయ్యో ఏమిటండీ? సిమెంటు పర్మిట్ కోసం ఆర్నెల్లు ఆఫీసుల చుట్టూ తిరిగినా బస్తా దొరకని ఈ రోజుల్లో, పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి ఇటుక చేతిలో పెట్టడం తక్కువ సేవా? పైగా బాగా కాలిన ఇటుక. నేను వేలితో కొట్టి చూశాను, ఖంగుమంది.

మా వీధి కొమురెల్లిని దుబాయ్ పంపిస్తానని ఏజెంటు బొంబాయి తీసుకుపోయి, లాడ్జిలో దింపి మాయమయ్యాడు. ఎకరం పొలం పోయింది, కాదనను. కానీ మనిషి సముద్రం చూశాడు! మా వీధిలో సముద్రం చూసినవాళ్ళు ఇంకెవరున్నారు? ఎదురింటి సమ్మమ్మ గొలుసుకు మెరుగు పెడతామని వచ్చినవాళ్ళు తులం బంగారం కరిగించుకుపోయిన మాట నిజమే. అయితే మిగిలిన గొలుసు ఎంత తళతళలాడుతోందో మీరు చూడలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. మా పక్కింట్లో యాకమ్మ ఉంటుంది. మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. భర్త కట్టయ్య షావుకారు మగ్గం మీద కూలికి జంపఖానాలు నేస్తాడు. సొంత మగ్గం ఒకటి పెట్టుకోవాలని ఆమె ఆరేళ్ళు కూడబెట్టి ఆరువందలు చేసింది. ఒకరోజు ఎలుకలు రెండు నోట్లు కొరికాయి. దాంతో భయపడి బ్యాంకుకు పోయింది.

బ్యాంకు ఎంత గొప్పదో మీకు తెలుసు. కౌంటరు ముందు గంటన్నర నిలబెట్టారు. ఆమె వంతు వచ్చేసరికి లోపలాయన తలెత్తకుండానే, “నిన్ను ఎరిగినోళ్ళెవరు? ఖాతా ఉన్నోళ్ళతోని పరిచయ సంతకం తీస్కరా పో” అన్నాడు. యాభై ఏళ్ళుగా మా మట్టెవాడలోనే బతుకుతున్న మనిషి అది. అయినా ఎవరైనా ఎరుగుదుమని కాగితం మీద రాస్తే తప్ప ఆమె లేనట్టే లెక్క.

బ్యాంకువాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని, అక్కడ ఖాతా ఉన్న నా దగ్గరికి వచ్చింది. “సారూ, జర ఒక్క సంతకం వెట్టుండ్రి” అంది.

చూశారా ప్రమాదం! సంతకమంటే మాటలా? రేపు ఆమె ఆ ఖాతాతో ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? తన డబ్బు తాను దాచుకునే మనిషి బ్యాంకును ఏ విధంగా ముంచగలదో రాత్రంతా ఆలోచించాను. దొరకలేదు. దొరకనంత మాత్రాన జాగ్రత్త మానేస్తామా? మొదటిసారి పెన్నులో సిరా లేదన్నాను. రెండోసారి మంచిరోజు కాదన్నాను. మూడోసారి ఇంట్లోనే ఉండి లేనని చెప్పించాను. నాలుగోసారి ఆమె రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వీధి మొగదల ‘మహా సౌభాగ్య లక్కీ స్కీము’ వెలిసింది. ప్రొప్రైటర్ బాలకిషన్ తెల్లటి లాల్చీ, నోటినిండా నవ్వు. ఆరువందలు కడితే పదిహేను నెలలకు వెయ్యి! నెలనెలా లక్కీ డ్రా, పేరొచ్చినవాళ్ళకు ఆ వెయ్యి అప్పటికప్పుడే, పైన స్టీలు బిందె. దుకాణంలో ఫ్యాను తిరిగేది. ఎవరు గడప తొక్కినా, “రా అమ్మా, కూసో” అని కుర్చీ లాగేవాడు. సోడా తెప్పించేవాడు. పిల్లల పేర్లు అడిగి గుర్తుపెట్టుకునేవాడు. పరిచయ సంతకమా? ఆ మాటే లేదు. రసీదు మీద లక్ష్మీదేవి బొమ్మ మూడు రంగుల్లో ఉండేది!

మొదటి డ్రాకు నన్ను పిలవడానికి బాలకిషన్ స్వయంగా ఇంటికొచ్చాడు. “పైస కట్టుమని రాలే సార్. మీ అసొంటి పెద్దమనిషి చేతులతోని చీటీ తీస్తే జనానికి ధైర్యముంటది. గంతే” అన్నాడు.

ముప్పయ్యేళ్ళ సర్వీసులో నన్ను పెద్దమనిషన్న మొదటి మనిషి! కాదంటే నోరు పడిపోదూ?

వేదిక మీద కూర్చున్నాక మనసులో లెక్క వేశాను. కొత్తవాళ్ళు కట్టింది తీసి పాతవాళ్ళకు ఇవ్వాల్సిందే, కొత్తవాళ్ళు ఆగిన రోజున దుకాణం మూయాల్సిందే. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే లెక్క అది. లేచి అడుగుదామనుకున్నాను. అంతలో మెడలో దండ పడింది. దండ మెడలో ఉండగా ప్రశ్నలు అడగడం సభామర్యాద కాదు కదా! చీటీ తీశాను. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో యాకమ్మ కూడా కొట్టింది. మర్నాడు పొద్దున్నే పోయి ఆరువందలూ కట్టేసింది.

ఏడు నెలలు ఏడు చీటీలు తీశాను. ఎనిమిదో నెల తీయడానికి పోతే దుకాణానికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే ఫ్యాను కూడా లేదు. పోలీసులు వచ్చి రాసుకున్నారు. బాలకిషన్ ఎత్తెంత, రంగేమిటి, మీసముందా అని అందరినీ అడిగారు. వేదిక మీద ఇంకెవరు కూర్చునేవారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

యాకమ్మ మర్నాడు మా ఇంటికి వచ్చింది. ఆమె తిడితే చెప్పడానికి ఒక ఉపన్యాసం సిద్ధంగా పెట్టుకున్నాను. దురాశ దుఃఖానికి చేటు, చేరేముందు పదిమందిని అడగాలి, ఇలాంటివన్నీ ఉన్నాయందులో. ఆమె తిట్టలేదు. గడపలో నిలబడి, “మీకెంత వోయింది సారూ?” అంది.

నాకు పైసా పోలేదు. నేను కట్టలేదు. కట్టకూడదని నాకు తెలుసు.

“బాగానే పోయిందమ్మా” అన్నాను.

“అయ్యో! సదువుకున్న మిమ్ములనే ముంచిండంటే వాని చేతులు ఇరుగ! మేమెంత? ఫికర్ జెయ్యకుండ్రి సారూ. ఆరోగ్యం ఖరాబైతది” అని నన్ను ఓదార్చింది. కట్టయ్య మళ్ళీ కూలికే పోతున్నాడట. మగ్గం మాట ఇక ఎత్తవద్దన్నాడట. ఆ రెండు ముక్కలు చెప్పి కండెలు చుట్టుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. సాయంత్రానికి మళ్ళీ మామూలుగానే ఆకలేసింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మోసాల నుంచి కాపాడుకోవడం ఎలాగో చెప్పమంటే మోసగాడి గురించి నేను చెప్పేదేమీ లేదు. వాడి పని వాడు శ్రద్ధగా చేస్తాడు. దొరికితే జైలుకూ పోతాడు. వాడి పక్క కుర్చీలో మాబోటివాళ్ళం ఉంటాం. సంతకం పెట్టాల్సిన చోట మాకు సిరా ఉండదు. నోరు తెరవాల్సిన చోట మెడలో దండ ఉంటుంది. జైలూ ఉండదు. మమ్మల్ని ఎలా గుర్తుపడతారో నాకు తెలియదు, ఎందుకంటే మీరు మాకు రోజూ నమస్కారం పెడుతూనే ఉంటారు.

నిన్న సాయంత్రం బాధితులంతా కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. కలెక్టరు దగ్గరికి పోయి మాట్లాడటానికి నమ్మకమైన మనిషి ఒకరు కావాలన్నారు. అధ్యక్షుడిగా నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. నా పేరు చెప్పింది యాకమ్మే.