జింజా ఉక్కుపెట్టె పునరుజ్జీవన సమరం

సర్వరహస్యవేది అయిన పరమేశ్వరుడు, మనిషి దాచుకున్న రహస్యాన్ని ఆ మనిషికే ఎందుకు మరపిస్తాడో ఆయనకే ఎరుక. ఆయనకు నమస్కరించి చెబుతున్నాను. నైలు మహానది సరోవరగర్భం నుంచి వెలువడి ఉత్తరాభిముఖంగా ఉరకలెత్తే జింజా పట్టణంలో, శుక్రవారం అపరాహ్ణవేళ, మటోకే అనే అరటికాయ ముద్ద తిన్న ఉద్యోగుల కనురెప్పలు వాలుతున్న ఘడియలో, విద్యుత్ కార్యాలయంలో ఘోరసంగ్రామం ఒకటి జరిగింది.

ఆ కార్యాలయపు లోపలిగదిలో ఒక ఉక్కుపెట్టె ఉంది. దాని హృదయంలో గోరంత చిప్పు, ఆ చిప్పులో ఒక తాళంచెవి. ఇత్తడిది కాదు, అంకెలది. ఊళ్లో ఎవరు ముందుగా డబ్బు కట్టి కరెంటు కొన్నా మీటరులో నొక్కడానికి ఒక పొడవాటి నంబరు ఇవ్వాలి. ఆ నంబరును పుట్టించేది ఆ తాళంచెవి ఒక్కటే. పరహస్తం సోకిందన్న అనుమానం కలిగితే చాలు, శత్రువుకు చిక్కడం కన్నా సర్వనాశనమే మేలని తన రహస్యాన్ని తానే భస్మం చేసుకునే అభిమానవతి ఆ పెట్టె.

అట్టి అభిమానవతిని, నియమపాలనాధురంధరుడైన మేనేజరు సెమకుల, ఆస్తి నంబరు చీటీ అంటించడం కోసం తలకిందులు చేశాడు. చీటీ చక్కగా అంటుకుంది. పెట్టె కీచుమని అరిచి, రహస్యాన్ని దహించుకుని, మౌనం వహించింది. ఊరంతటికీ కరెంటు అమ్మకం ఆగిపోయింది.

"చీటీ పైన అంటించకూడదా సార్?" అంది గుమాస్తా నబ్వీరే.

"పైన అంటిస్తే అందం పోతుందమ్మా."

పొద్దున్నే నబ్వీరే ఇంటి మీటరు ఖాళీ అయింది. రేపు కూతుర్ని చూసుకోవడానికి పెళ్లికొడుకు వంశమంతా దిగుతుంది. వాళ్ల కోసం కోయించిన మేకమాంసం ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉంది.

భస్మమైన తాళంచెవిని బతికించే విద్య లేకపోలేదు. దాని నకలును ముందే మూడు ముక్కలు చేసి మూడు కార్డుల్లో దాచారు. ఒకటి సెమకులది, ఒకటి నబ్వీరేది, మూడోది స్తంభారోహణవీరుడు, వృద్ధ లైన్‌మన్ ఓపియోది. ఎవరి కార్డుకు వారి రహస్యాంకెలు. రాసుకోకూడదు. ఒకరు నొక్కుతుంటే తక్కినవారు గోడవైపు తిరగాలి. మూడుసార్లు తప్పితే కార్డు చస్తుంది. కొత్తది రాజధాని కంపాలా నుంచి సోమవారానికి గాని రాదు.

మొదటి ఇద్దరు వీరులూ తమ అంకెలు నొక్కారు. ఓపియో వేలు గాలిలో ఆగిపోయింది.

"ఏమైంది పెద్దాయనా?"

"మర్చిపోయాను తల్లీ."

"మీ పెళ్లిరోజేమో చూడండి."

"అదీ మర్చిపోయాను. మా ఆవిడతో అనకు."

తోచిందేదో నొక్కాడు. ఎర్రదీపం, ప్రళయకాలరుద్రుని ఫాలనేత్రంలా వెలిగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎరుపే. ఇక మిగిలింది ఒకే బాణం. ఆందోళనతో ఇద్దరు సేనానులూ నియమం మరచి అతని భుజాల మీంచి తొంగిచూశారు. సెమకుల గంభీరంగా గొంతు సవరించుకున్నాడు.

"తుపానులో స్తంభాలెక్కిన చెయ్యి నీది. ఊరి వెలుగంతా ఇప్పుడు నీ వేలికొన మీదే ఉంది."

"ఊరంతా ఎక్కి కూర్చుంటే వేలు కదలదు సార్. మెడ మీద ఊపిరి వదలకుండా ఇద్దరూ గోడవైపు తిరగండి."

తిరిగారు. నబ్వీరే పెదవుల్లో ప్రార్థన.

"మేకలెన్ని కోశారమ్మా?" అన్నాడు ఓపియో తాపీగా.

"రెండు."

"రెండేనా? మగపెళ్లివాళ్లు నవ్వుకుంటూ పోతారు. మా చెల్లెలి పెళ్లిలో పులుసు చాలక, మా మామ అలిగి మామిడిచెట్టు ఎక్కాడు. నేనే దింపాను..."

టిక్కుమంది. ఆవగింజంత పచ్చదీపం, కోటిసూర్యప్రభాభాసమానమై వెలిగింది. పెట్టెలో తాళంచెవి మళ్లీ ప్రాణం పోసుకుంది.

"ఏం నొక్కావయ్యా?" అన్నాడు సెమకుల.

"నాకేం తెలుసు? నేను మామను దింపుతుంటే వేళ్లు నొక్కేశాయి."

"చెప్పకూడదులే. నియమం."

"చెబుదామన్నా రాదు సార్."

దొంగకే కాదు, సొంతదారుకూ దొరకని రహస్యం! ఇంతటి భద్రత భగవంతుడు కోరాడా, మనమే కోరుకున్నామా? తెలియదు.

నబ్వీరే కరెంటు కొని, నంబరు ఫోనులో కూతురికి చదివింది. అవతల కూతురు దాన్ని మీటరులో నొక్కింది.

"అమ్మా, ఫ్రిజ్ గుర్రుమంది. మాంసం ఇంకా గట్టిగానే ఉంది."

వినండి సకలలోకాల వారలారా! ముగ్గురు మహావీరులు ఏకమై, తమకు తామే వేసుకున్న తాళాన్ని తామే తీసుకుని, జింజా నగరంలో రెండు మేకల మాంసాన్ని కరగకుండా కాపాడారు.