యంత్రం దీక్షలో కూర్చున్న రోజు

తెలంగాణ రాష్ట్రం కోసం సాగిన సకల జనుల సమ్మె ఇరవై తొమ్మిదవ నాడు, తొర్రూరు చౌరస్తాలోని దీక్షా శిబిరంలో ఒక కంప్యూటర్ నిరాహార దీక్షకు కూర్చున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్నను 1950లో ఒక ఆంగ్ల గణితవేత్త వేశాడు. తత్వవేత్తలు అరవై ఏళ్లు వాదించారు. యంత్రం చదరంగంలో జగజ్జేతను ఓడించిన తరువాత కూడా తేల్చలేకపోయారు. మా సమన్వయ సంఘం ఒక్క మధ్యాహ్నంలో తేల్చింది.

ఆ యంత్రం వ్యవసాయ కార్యాలయం వరండాలో ఉండేది. తాకితే 'మీ సమస్య ఏమిటి?' అని తెరపై అడిగేది. ఆకుల బొమ్మలు చూపి, మన ఆకును పోలినదాన్ని ఎంచుకోమనేది, చివరకు మందు పేరు చెప్పేది. కార్యాలయం మూతబడినా అది ఇద్దరు రైతులకు జవాబిచ్చిందని తెలిసి సంఘం దిగ్భ్రాంతి చెందింది. అధ్యక్షులు జగన్మోహన్ గారు మైకు అందుకున్నారు.

"భూపాలపల్లిల బొగ్గు తవ్వే అన్న పని బంద్ జేసిండు. జనగామ డిపోల బస్సు కదుల్తలేదు. గిది మాత్రం సర్కారు నౌకరీ చేస్తదా? దీనికి తెలివి లేదంటరా, మరి తెలివిగలదని సర్కారు ఎట్ల కొన్నది? ఉన్నదంటరా, తెలివున్నది సమ్మెల ఎట్ల పనిచేస్తది?"

తత్వశాస్త్రం చదివినవాడినన్న గౌరవంతో నా అభిప్రాయం అడిగారు. వాదంలో లోపం వెతికాను, దొరకలేదు. దొరికినా యంత్రాన్ని దీక్షలో కూర్చోబెట్టే తీర్మానంపై సంతకం పెట్టేవాడినే.

మరునాడు ఉదయమే యంత్రాన్ని శిబిరానికి మోసుకొచ్చి, ప్లగ్గు తగిలించి, పూలదండ వేశారు. అంత నిష్ఠగల దీక్ష ఆ శిబిరంలో అంతకుముందు జరగలేదు. తక్కినవారు గుడారం వెనక్కు వెళ్లి మిర్చి బజ్జీలతో సేదతీరేవారు. యంత్రం ఏమీ ముట్టలేదు. బొగ్గు లేక ఆ రోజు ఉదయం నుంచీ కరెంటు లేదు.

మధ్యాహ్నం మరిపెడ దగ్గరి తండా నుంచి తుల్సీబాయి వచ్చింది. యంత్రం పక్కనే దీక్షలో ఉన్న వ్యవసాయాధికారి సాంసన్ గారి ముందు ముడుచుకుపోయిన ఆకు పెట్టింది.

"సాంసన్ సారూ, జర గీ ఆకు సూడుండ్రి. రెండెకరాల మిరప గిట్లనే అయితున్నది. ఇంకో వారమైతే కట్టెలే మిగుల్తయి."

సాంసన్ గారు చటుక్కున కళ్లు మూసుకున్నారు. "సమ్మెల ఉన్న తుల్సక్కా. సూస్తే డ్యూటీ చేసినట్టయితది."

"గీ డబ్బాకన్న సూపియ్యుండ్రి మరి."

"గది సుత దీక్షల ఉన్నది."

"దానికి దండేసిండ్రు, పేరు రాసిండ్రు. పిలిసినప్పుడల్ల వచ్చినం, సప్పట్లు కొట్టినం. మా తండోళ్ల పేరు ఏ దినం రాసిండ్రు సారూ?"

జగన్మోహన్ గారు దీక్షల పుస్తకం తిరగేశారు. న్యాయవాదులు, ఉపాధ్యాయులు, స్వర్ణకారులు, ఫొటోగ్రాఫర్లు, యంత్రం. "మీ సంఘం ఇంకా రిజిస్టర్ కాలేదక్కా. గీ యంత్రానికి సీరియల్ నంబరన్న ఉన్నది."

సాయంత్రం అయిదింటికి దీక్ష విరమణ. నిమ్మరసం గ్లాసు యంత్రానికి ఎక్కడ అందించాలన్న విషయమై చర్చ జరుగుతుండగా కరెంటు వచ్చింది. తెర వెలిగింది.

'మీ సమస్య ఏమిటి?'

ఇరవై తొమ్మిది రోజులుగా అక్కడ జవాబులే వినిపించాయి. ఈ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగలేదు. తుల్సీబాయి ఆకు పట్టుకొని లేచింది.

"సమ్మె ద్రోహం!" అన్నారు జగన్మోహన్ గారు.

ప్లగ్గు నా కాళ్ల దగ్గరే ఉంది. పీకాను.

ఆ ఏడు ఆమె రెండెకరాలూ ఎండిపోయాయి. తరువాత రాష్ట్రం వచ్చింది. మొన్న తొర్రూరు బస్టాండులో ఆమె కనబడి తన ఫోను చూపించింది. అందులోని యంత్రం ఇప్పుడు మాట్లాడుతుంది కూడా.

"గిదొక్కటే సారూ, నీ బాధేందని నన్ను అడిగేది."

నేనూ అడగాలనే అనుకున్నాను. ఇంతలో వరంగల్ బస్సు వచ్చింది. ఎక్కి కూర్చొని, యంత్రాల వల్ల మానవ సంబంధాలు ఎట్లా నశిస్తున్నాయో సాయంత్రం సభలో చేయవలసిన ప్రసంగం చదువుకున్నాను.