హమ్మింగ్ బర్డ్‌లకు నర్సీపట్నం స్వాగతం

నర్సీపట్నం మార్నింగ్ వాకర్స్ సంఘం వారి పార్కుకు అమెరికా హమ్మింగ్ బర్డ్‌లు విచ్చేయనున్నాయని పట్టణ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. పిట్టల నుంచి ఇంకా జవాబు రాలేదు. పెద్దవాళ్లెవరూ వెంటనే జవాబివ్వరు కదా.

సంఘం అధ్యక్షులు జగదీశ్వరరావు గారు టీవీలో చూశారు. ఆ పిట్ట ముక్కు పువ్వుకు తగ్గట్టు సాగిందట, పువ్వు గొట్టం ముక్కుకు తగ్గట్టు సాగిందట. లక్షల ఏళ్లు ఒకదాన్ని బట్టి ఒకటి మారుతూ వచ్చాయట. కాబట్టి పువ్వు పెడితే పిట్ట రాక తప్పదని వారు తేల్చారు. ఎర్రటి గొట్టం పూల మొక్కలు లారీలో దిగాయి. ఆ పిట్టలు మన ఖండంలోనే లేవని సైన్సు టీచరు లావణ్య గారు అన్నారు. వెంటనే ఆవిడను ఆహ్వాన సంఘంలో వేశారు. ఆ తర్వాత స్వాగత పత్రం ఆవిడే రాశారు.

పూలు విచ్చగానే మన తేనెపిట్టలు దిగిపోయాయి. అతిథుల తేనె స్థానికులు తాగేయడం ఊరికి అప్రతిష్ఠ అని తీర్మానించి, మొక్కలకు దోమతెరలు కట్టి, వాచ్‌మన్ భీమన్న చేతికి కర్ర ఇచ్చారు. పూలతోట ప్రారంభోత్సవం నాటికి పిట్ట రాకపోతే అతని ఉద్యోగం ఉండదన్నారు. రాని పిట్టకు ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. అధ్యక్షులు ఎలాగూ కాలేరు. భీమన్న కాపురం పార్కు గేటు పక్క గదిలోనే. ఉద్యోగం పోతే గదీ పోతుంది.

"ఒలే, ఈ తేనె నీక్కాదే. పెద్దోల్ల పిట్టలొత్తన్నాయి, బేగెల్లిపో," అని తేనెపిట్టలను తోలుతూనే, ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే బావమరిదికి కబురంపాడు.

ప్రారంభోత్సవం రోజు తెరలు తీశారు. ప్రతి పువ్వు ముందూ నిగనిగలాడే పిట్ట ఒకటి గాలిలో నిలిచి ఉంది. అలా నిలవడమే ఆ జాతి గొప్పతనమని టీవీ చెప్పింది కనుక పైనున్న దారం వైపు ఎవరూ చూడలేదు. తేనె తాగవు, రెట్ట వెయ్యవు, అరవవు. సంస్కారం అంటే ఇదీ అని అధ్యక్షులు కళ్లు తుడుచుకున్నారు.

ముఖ్య అతిథి ప్రసంగం మధ్యలో ఆగారు. "ఏమయ్యా, ఆ పిట్టలు కదలవేం?"

సభంతా భీమన్న వైపు తిరిగింది. అతను కర్ర కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"తమరి ఉపన్యాసం ఇంటన్నాయి బాబూ. మైమరిసిపోనాయి."

అక్కడికక్కడే అతని ఉద్యోగం పర్మనెంట్ అయింది. పిట్టలను నిరాశపరచడం ఇష్టం లేక ముఖ్య అతిథి మరో గంట మాట్లాడారు. మేమూ కదలకుండా విన్నాం.

మాకు ఏ దారమూ కట్టలేదు.